మా నాన్న హవల్దారే: కాగితం మీద కూడా అలా రాయించిన వాళ్ళందరికీ కృతజ్ఞతలు

పర్లాకిమిడిలో మా పుట్టింటి వసారా గోడకి ఒక నలుపు తెలుపు ఫోటో ఉంటుంది. 1982లో ఏదో స్టూడియోలో తీయించుకున్నది. యూనిఫాంలో నాన్న, చేతి మీద మూడు ఫీతీలు. నాకు ఎక్కాలు రాకముందే ఆ మూడూ వేలితో లెక్కపెట్టడం వచ్చు. ఒకటైతే లాన్స్ నాయక్, రెండైతే నాయక్, మూడైతే హవల్దార్ అని అమ్మ చెప్పేది.

2023 నవంబరులో నాన్నకి లైఫ్ సర్టిఫికెట్ వేయిద్దామని పాతపట్నం నుంచి వెళ్ళాను. మా అత్తవారిది పాతపట్నం. ఊరు దాటితే ఒడిశా, ఆటో ఎక్కితే పుట్టిల్లు. ఆ మధ్యలో ఉన్న సరిహద్దు మా ఇళ్ళలో కరెంటు బిల్లు వచ్చినప్పుడే గుర్తొస్తుంది. జన సేవా కేంద్రంలో అమ్మాయి సైనికుల పెన్షన్లు చూసే స్పర్శ్ పోర్టల్ తెరిచి, "తాతగారూ, వివరాలు ఒకసారి సరిచూసుకోండి" అంది. పేరు సరే, పుట్టిన తేదీ సరే. ర్యాంకు దగ్గర 'నాయక్' అని ఉంది.

నేను తప్పు కొట్టారేమో అనుకున్నాను. నాన్న కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశారు. "అది మొదట్నుంచీ అంతేనమ్మా. ఒగ్గేయ్" అన్నారు.

ఒగ్గేయడం నా వల్ల కాలేదు. దారిలో ఒక్కో ముక్కా రాబట్టాను. ఇరవై ఏళ్ళు చేసి 1986లో ఇంటికొచ్చాక వచ్చిన మొదటి పెన్షన్ కాగితంలోనే నాయక్ అని ఉందట. ఒక ఉత్తరం రాశారు. విషయం పరిశీలనలో ఉందని జవాబొచ్చింది. ఆ పరిశీలన ఇంకా జరుగుతోందేమో మరి! రైస్ మిల్లులో వాచ్‌మన్ పని దొరికింది, మేం ముగ్గురు పిల్లలం, ఉత్తరాల సంగతి అక్కడితో ఆగిపోయింది. ముప్పై ఏడేళ్ళు అమ్మకి కూడా చెప్పలేదు. ఫోటోలో మూడు ఫీతీలున్న మనిషి ప్రతి నెలా రెండు ఫీతీల పెన్షన్ తెచ్చుకున్నారు.

ఇది పరువు సంగతి ఒక్కటే అయితే నాన్న మాటే విని ఊరుకునేదాన్నేమో. వన్ ర్యాంక్ వన్ పెన్షన్ 2014 జులై 1 నుంచి అమలైంది. అందులో లెక్కంతా రెండింటి మీదే: ఏ ర్యాంకులో రిటైరయ్యారు, ఎన్నేళ్ళు చేశారు. ర్యాంకు ఒక మెట్టు తగ్గితే పెన్షన్ తగ్గుతుంది, రేపు అమ్మకి రావలసిన ఫ్యామిలీ పెన్షన్ కూడా తగ్గుతుంది. ఈ మాట నాకు చెప్పింది మా వీధి చివర ఉండే రిటైర్డ్ సుబేదార్ గారు. ఈ పోస్టు ముఖ్యంగా ఆయన కోసమే. పేరు రాయొద్దని ఒట్టు వేయించుకున్నారు, కాబట్టి రాయడం లేదు. పర్లాకిమిడి వాళ్ళకి ఎవరో తెలిసిపోతుంది, అది నా తప్పు కాదు.

ఆయన సర్వీసంతా క్లర్కుగానే చేశారు. నాన్న కంటే పాతికేళ్ళు చిన్న. మా ఇంటికొచ్చిన మొదటి రోజు చూడాలి ఆ మర్యాదలు. ర్యాంకులో పెద్ద కాబట్టి నాన్న లేచి నిలబడి "రండి సాబ్" అంటారు. వయసులో పెద్ద కాబట్టి ఆయన "కూర్చోండి ఉస్తాద్" అంటారు. ఇద్దరిలో ఎవరూ కూర్చోరు. చివరికి అమ్మ విసుక్కుని ఇద్దరికీ పీటలు వేసింది.

డిశ్చార్జ్ బుక్ తెమ్మన్నారు. అది ట్రంకు పెట్టెలో ఉంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు ఆ పెట్టెలోకి నీళ్ళు వెళ్ళాయి. గజపతి జిల్లా వాళ్ళకి తిత్లీ సంగతి నేను చెప్పక్కర్లేదు. ఆ తర్వాత అమ్మ అన్నీ ఎండలో ఆరబెట్టింది గానీ, డిశ్చార్జ్ బుక్‌లో రెండు పేజీలు అప్పడాల్లా అతుక్కుపోయాయి. మొదటి పేజీలో నాయక్ అనే ఉంది. చివర్లో క్యారెక్టర్ 'ఎగ్జెంప్లరీ' అని ఉంది. మెడల్స్ దగ్గర సైన్య సేవా మెడల్, 1972లో ఇచ్చిన స్వాతంత్ర్య రజతోత్సవ మెడల్, రెండే ఉన్నాయి.

సుబేదార్ గారు అక్కడ ఆగారు. "ఉస్తాద్, డెబ్బై ఒకటిలో మీరెక్కడ?"

"అగర్తలా వైపు సాబ్. అక్కడి నుంచే లోపలికి దాటాం."

"మరి పూర్వీ స్టార్ ఏదీ? సంగ్రామ్ మెడల్ ఏదీ?"

ఆ రెండూ డెబ్బై ఒకటి యుద్ధానికి ఇచ్చిన మెడల్స్. నాన్న చెప్పింది ఇదీ. మెడల్స్ యూనిట్‌కి వచ్చేసరికి యుద్ధమై చాలా కాలమైంది, అప్పటికి ఆయనకి వేరే యూనిట్‌కి పోస్టింగ్ అయిపోయింది. ఎవరివి వాళ్ళు తీసుకున్నారు, ఈయనవి ఎక్కడ తిరిగాయో తెలీదు. అడగలేదా అని నేనంటే, "యుద్ధం నానొక్కడినే చేశానా ఏటి" అన్నారు. మా నాన్నతో వాదన అక్కడికే వచ్చి ఆగుతుంది, ఎప్పుడూ.

సుబేదార్ గారు అతుక్కున్న పేజీలని దీపం ముందు పెట్టి చూశారు. లోపల ఏదో ఇంకు కనిపిస్తోంది. నేను బ్లేడు తెస్తానన్నాను. "బ్లేడు తెస్తే నేను లేచి వెళ్ళిపోతాను" అన్నారు. వంటింట్లోంచి టీ కెటిల్ తెప్పించి, స్టవ్ మీద పెట్టి, మూతి దగ్గర వచ్చే ఆవిరికి ఆ పేజీల అంచుని జానెడు దూరంలో పట్టుకున్నారు. కాసేపు ఆవిరి, కాసేపు ఆరనివ్వడం, మళ్ళీ ఆవిరి. అంచు కొంచెం వదులైతే అందులోకి పోస్టుకార్డు మూల దూర్చేవారు. అలా ముప్పావుగంట. అమ్మ పక్కనే నిలబడి కాలుతుంది, కాలుతుంది అంటూనే ఉంది. పేజీ విడిపోయింది. ఒక మూల చిరిగింది, అంతే. లోపల నీలం ఇంకుతో, కొంచెం అలుక్కుపోయి, 1981లో హవల్దార్‌గా ప్రమోషన్, దాని పక్కన పార్ట్ టూ ఆర్డర్ నంబరు, తేదీ.

పార్ట్ టూ ఆర్డర్ అంటే ఏమిటో నాకు అప్పటిదాకా తెలీదు. సైనికుడి సర్వీసులో ప్రమోషన్, సెలవు, పెళ్ళి, పిల్లలు పుట్టడం, ఏది జరిగినా యూనిట్ ఆ ఆర్డర్‌లో వేస్తుంది. అందులో పడితే జరిగినట్టు, లేకపోతే లేనట్టే. నాన్న ప్రమోషన్ వచ్చిన రోజుల్లోనే యూనిట్ మారారు. ఆ ఆర్డర్ ఒక చోటికి చేరి ఇంకో చోటికి చేరి ఉండదని సుబేదార్ గారి ఊహ. అందుకే జీతం హవల్దార్‌ది తీసుకున్నారు, పెన్షన్ నాయక్‌ది వచ్చింది. ఎవరో గుమాస్తా, ఏదో సాయంత్రం. ఆ మనిషి మీద నాకిప్పుడు కోపం కూడా లేదు.

మెడల్స్‌కి ఆధారం అమ్మ దగ్గర దొరికింది. మా నాయనమ్మ దాచిన బిస్కెట్ డబ్బా ఒకటి అమ్మకి వచ్చింది, అందులో నాన్న రాసిన ఉత్తరాలు. 1971 డిసెంబరుది ఒకటుంది. "ఇక్కడ అంతా కులాసా. అన్నం బాగానే దొరుకుతోంది. గేదె ఈనిందా?" ఇంతే. ఎక్కడున్నదీ, ఏం చేస్తున్నదీ రాయకూడదు కదా. కానీ కవరు మీద 99 ఏపీఓ ముద్ర ఉంది, ఏపీఓ అంటే ఆర్మీ పోస్టాఫీసు. తూర్పు వైపు ఉన్న సైన్యానికి వెళ్ళే టపా అంతా 99 ఏపీఓ మీదుగానే, పడమటి వైపుకి 56 ఏపీఓ. సుబేదార్ గారు ఆ ముద్ర చూసి నవ్వారు: "ఉత్తరంలో గేదె, ముద్రలో యుద్ధం." ఇది ఒక్కటే చాలదు గానీ, జత చేద్దామన్నారు.

చాలినది పాలక్కాడ్ నుంచి వచ్చింది. నాన్నతో ఒకే యూనిట్‌లో చేసిన అంకుల్ ఒకరు అక్కడ ఉన్నారు. దీపావళికి, ఓణానికి ఇద్దరూ ఫోన్‌లో హిందీలో పలకరించుకుంటారు, నాన్న హిందీలో సగం తెలుగు, ఆయన హిందీలో సగం మలయాళం. సంగతి చెప్పగానే మనవడితో తన డిశ్చార్జ్ బుక్ పేజీలన్నీ ఫోటో తీయించి పంపారు. అదే యూనిట్, అవే తేదీలు, పూర్వీ స్టార్, సంగ్రామ్ మెడల్ రెండూ ఉన్నాయి. అడగకుండానే నోటరీ చేయించిన వాంగ్మూలం కూడా స్పీడ్ పోస్టులో పంపారు. మోకాళ్ళ నొప్పులతో ఆయన నోటరీ దగ్గరికి ఎలా వెళ్ళారో మనవడు తర్వాత చెప్పాడు. అంకుల్, మీకు తెలుగు రాదు, మనవడు చదివి అనువదిస్తాడని రాస్తున్నాను. మీ కాళ్ళకి దండం.

కాగితాల తిరుగుడు గురించి ఎక్కువ రాయను. దరఖాస్తు సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా రికార్డ్ ఆఫీసుకి వెళ్ళింది. నాన్న రెజిమెంట్ ఏదో రాయడం లేదు. కానీ మీ ఇంట్లో ఇలాంటిది ఉంటే ముందు ఏ రికార్డ్ ఆఫీసో చూసుకోండి: ఆర్టిలరీ వాళ్ళది నాసిక్ రోడ్‌లో, సిగ్నల్స్ వాళ్ళది జబల్‌పూర్‌లో, మద్రాస్ రెజిమెంట్ వాళ్ళది వెల్లింగ్టన్‌లో, వాహనాలూ ఆయుధాలూ బాగుచేసే ఈఎంఈ వాళ్ళది సికింద్రాబాద్‌లో. మాది ఒకసారి వెనక్కొచ్చింది. కారణం ర్యాంకు కాదు, ఇంటిపేరు. సైన్యంలో మన పద్ధతిలో ఇంటిపేరు ముందు, ఆధార్‌లో ఒడియా పద్ధతిలో వెనక. సరిహద్దు జిల్లాల్లో ఉండే తెలుగువాళ్ళకి ఇది కొత్త కాదు. మా స్కూల్ సర్టిఫికెట్లలో కూడా అన్నయ్యకి ముందు, నాకు వెనక. దీనికో అఫిడవిట్. మూడు నెలలు ఏ కబురూ లేకపోతే పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు కింద అడిగాం, అప్పుడు కదిలింది. నేను ఆవేశపడి సైనికుల కేసులు చూసే ట్రైబ్యునల్‌కి వెళ్దామన్నాను, ఒడిశా వాళ్ళకి కోల్‌కతా బెంచి. "ముందు ఉత్తరాలతో అయ్యేది ఉత్తరాలతో కానివ్వు తల్లీ" అన్నారు సుబేదార్ గారు. మధ్యలో ఒకాయన ఇంటికొచ్చి, వచ్చే ఎరియర్స్‌లో పావు వంతు ఇస్తే తాను చూసుకుంటానన్నాడు. అమ్మ మజ్జిగ ఇచ్చి పంపేసింది.

సైనిక సంక్షేమ కార్యాలయంలో ఒక బాబు ఉన్నారు, ఒడియా ఆయన. మా కాగితాల్లో ఏది తక్కువైనా తిప్పి పంపకుండా ఫోన్ చేసేవారు. నాన్నకి ఒడియా బాగా వచ్చినా, ఆయన పట్టుబట్టి తెలుగులోనే మాట్లాడేవారు. ఆ తెలుగు వినడానికే మేం రెండుసార్లు ఎక్కువ వెళ్ళామని చెప్పొచ్చు. జన సేవా కేంద్రం అమ్మాయి ఎన్నిసార్లు స్కాన్ చేసిందో లెక్కలేదు. చివరి నాలుగుసార్లు డబ్బులు తీసుకోలేదు. మా ఆయన ఆదివారాలన్నీ ఈ పనికే పోయాయి, ఒక్కసారి గొణిగారు, ఆ ఒక్కటీ క్షమించేశాను.

2025 జనవరిలో సవరించిన పీపీఓ, అంటే పెన్షన్ మంజూరు కాగితం, వచ్చింది. దాన్ని కరిజెండం అంటారట. ర్యాంకు: హవల్దార్. నేను ఏడ్చాను, అమ్మ ఏడ్చింది, సుబేదార్ గారు తుమ్మినట్టు నటించారు. నాన్న రెండుసార్లు చదివి, మడిచి, పాత ట్రంకు పెట్టెలో పెట్టబోయారు. ఈసారి ప్లాస్టిక్ కవర్లో పెట్టించాను. ఎరియర్స్ ఎంతొచ్చాయో రాయను, బంధువులు కూడా ఇది చదువుతారు.

మెడల్స్ ఇంకో నాలుగు నెలలకి పార్సిల్‌లో వచ్చాయి, చిన్న అట్టపెట్టెల్లో రిబ్బన్లతో. సంగ్రామ్ మెడల్ అంచు మీద నంబరు, ర్యాంకు, పేరు చెక్కి ఉన్నాయి. అంచు తిప్పి చదివి నా గుండె జారిపోయింది. 'సిపాయి' అని ఉంది. "మళ్ళీ తప్పు రాశారు నాన్నా!" అని అరిచాను. నాన్న మెడల్ తీసుకుని వెలుగులో పెట్టి, బొటనవేలితో ఆ అక్షరాల మీద ఒకసారి రాసి, "తప్పేటమ్మా. అప్పుడు నాను సిపాయినే కదా" అన్నారు.

పర్లాకిమిడి సుబేదార్ గారికి, పాలక్కాడ్ అంకుల్‌కి, ఆఫీసులో బాబుకి, కంప్యూటర్ ముందు కూర్చున్న ఆ చెల్లికి మా ఇంటిల్లిపాది నమస్కారాలు. మాజీ సైనికుల వైద్యానికి ఇచ్చే ఈసీహెచ్‌ఎస్ కార్డు మీద మాత్రం ఇంకా నాయక్ అనే ఉంది. సోమవారం దాని మార్పుకి దరఖాస్తు పెడుతున్నాం. సుబేదార్ గారు కూడా వస్తానన్నారు. కెటిల్ తెమ్మంటారా అని అమ్మ అడగమంది.