పెందుర్తి రిపోర్టు వెనక్కి తీసుకున్నాం

పెందుర్తి వైపు ఇంటి స్థలంలో ఎర్రమట్టి నింపించుకున్న ఒక కస్టమరుకు, ఆ మట్టి ఎంత గట్టిగా కుదిరిందో చెబుతూ పోయిన నెల మా మట్టి పరీక్షల ల్యాబు ఇచ్చిన రిపోర్టు తప్పు. ఆ సంగతి మీకు ఇంకెవరో చెప్పే ముందు నేనే చెబుతున్నాను.

కాంక్రీటు కోసం కొన్న అల్ట్రాసోనిక్ యంత్రాన్ని కొంతకాలంగా దిమ్మిస కొట్టిన మట్టి మీద కూడా వాడుతున్నాం. నమూనా రెండు చివరలకూ గ్రీజు రాసి యంత్రం బిళ్ళలు ఆనిస్తే, చెవికి వినపడని ధ్వని తరంగం ఈ వైపు నుంచి ఆ వైపు చేరడానికి పట్టిన సమయం తెర మీద కనిపిస్తుంది. 127 మిల్లీమీటర్ల నమూనాను 254 మైక్రోసెకన్లలో దాటితే వేగం సెకనుకు 500 మీటర్లు. మంచి కాంక్రీటులో ఇది 3,500 పైమాటే. మట్టి రేణువులు దగ్గరగా సర్దుకుంటే వేగం పెరుగుతుంది, తేమ ఎక్కువై మెత్తబడితే తగ్గుతుంది. నమూనా పగలదు, నిమిషాల్లో పని అయిపోతుంది. ఆ సుఖానికే అలవాటు పడ్డాం.

శనివారం తెచ్చిన నమూనా సోమవారం దాకా బల్ల మీద, ఫ్యాను కింద ఉండిపోయింది. మట్టి ఆరుతున్నప్పుడు రేణువుల మధ్య మిగిలిన కొద్దిపాటి నీరే వాటిని దగ్గరకు లాగి బిగిస్తుంది. పొడి సాంద్రత, అంటే నీటిని లెక్కించకుండా మట్టి ఎంత దట్టంగా ఉందో, పెద్దగా మారకపోయినా తరంగం జోరుగా పరుగెత్తింది. మేము అంకె చూసి మురిసిపోయి 'బాగుంది' అని రాసేశాం. గునపం మరీ సులువుగా దిగుతోందని మేస్త్రి ఫోను చేశాడు. వెళ్లి మట్టి పరీక్షల భారతీయ ప్రమాణం ఐఎస్ 2720, 28వ భాగం ప్రకారం గొయ్యి తీసి, అందులో ఎంత ఇసుక పట్టిందో చూసి సాంద్రత కొలిస్తే, ప్రాక్టర్ గరిష్ఠ సాంద్రతలో (ల్యాబులో అదే మట్టిని అచ్చులో దిమ్మిస కొడితే వచ్చే అత్యధిక పొడి సాంద్రత) 95 శాతం కూడా రాలేదు. ఫీజు వాపసు ఇచ్చాం. మళ్లీ రోలరు తిప్పించిన ఖర్చులో సగం భరించాం. అంతకు మించి మా వల్ల కాలేదు.

ఇకపై వేగం ఒక్కటే చూసి ఏ రిపోర్టూ ఇవ్వం. నమూనాను ప్లాస్టిక్‌లో చుట్టి తెచ్చి, అదే రోజు కొలిచి, తేమ శాతం పక్కనే రాస్తాం. ముందుగా మీ మట్టితోనే వేర్వేరు తేమల దగ్గర ప్రాక్టర్ అచ్చులు పోసి వేగాలు గుర్తించి పెట్టుకుంటాం, దానికి రెండు రోజులు ఎక్కువ పడుతుంది. రాళ్లు ఎక్కువున్న గ్రావెల్‌కు ఈ పరీక్ష ఎంత అడిగినా చేయం. ఓడరేవు దగ్గరి నీరు నిండిన బంకమట్టికీ అంతే: అక్కడ తరంగం నీటిలోనే సుమారు 1,500 మీటర్ల వేగంతో వెళ్లిపోతుంది, మట్టి గట్టితనం గురించి ఏమీ చెప్పదు.

వేగం అంకె ఒక్కటే ఉన్న మా పాత రిపోర్టు మీ దగ్గర ఉంటే తీసుకురండి. స్థలానికి వచ్చి ఇసుకతో ఉచితంగా కొలుస్తాం. వానలు ముదిరితే గోతుల్లో నీరు చేరుతుంది కాబట్టి త్వరగా రండి.