పంచాయతీ గోడ దగ్గర ఆగిపోయిన ఇంటర్నెట్: కేంద్ర సహాయ మంత్రి గారికి ఆస్పరి మండలం నుంచి బహిరంగ లేఖ

కేంద్ర కమ్యూనికేషన్లు, గ్రామీణాభివృద్ధి శాఖల సహాయ మంత్రి డాక్టర్ పెమ్మసాని చంద్రశేఖర్ గారికి,

నమస్కారములతో రాయునది.

నేను కర్నూలు జిల్లా ఆస్పరి మండలంలో, మండల కేంద్రానికి ఎడంగా ఉన్న ఒక పల్లెలో జిరాక్సు, ఆన్‌లైన్ సేవల అంగడి నడుపుతున్నాను. మా ఊరి పంచాయతీ భవనం దాకా ఫైబర్ తీగ వచ్చింది, లోపల గోడకు పెట్టె బిగించారు, కాగితాల మీద మాది ఇంటర్నెట్ అందిన ఊరు. ఆ గోడ దాటి ఎదురు వీధికి మాత్రం ఆ తీగ ఇంతవరకు రాలేదు. అది ఎవరు వేసిన తీగ, ఎవరి హయాంలో వేసిన తీగ అన్న చర్చకు నేను పోదలచుకోలేదు. ఇంటర్నెట్ చేరిందా లేదా అన్న లెక్కను పంచాయతీ భవనం దగ్గర ముగించకుండా, ఇంటి దగ్గర, అంగడి దగ్గర, తాండా దగ్గర వేయించండి అన్నదొక్కటే నా మనవి.

ఈ లెక్క ఇలా ఎందుకు మొదలైందో తమకు తెలియనిది కాదు. 2011 అక్టోబరులో జాతీయ ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్క్‌గా ఆమోదం పొంది, 2015లో భారత్‌నెట్‌గా పేరు మారిన పథకానికి గ్రామ పంచాయతీయే గమ్యం. అక్కడి నుంచి ఇళ్లకు ఎవరో ఒకరు తీసుకుపోతారని అప్పుడు అనుకున్నారు. 2025 నాటికి దేశంలో 2 లక్షల 14 వేలకు పైగా పంచాయతీలు ‘సర్వీస్ రెడీ’ అయ్యాయని మీ శాఖే ప్రకటించింది. సర్వీస్ రెడీ అంటే పరికరం పెట్టి, పరీక్షించి, అప్పగించారని మాత్రమే అర్థం. ఈ రోజు దాని లైటు వెలుగుతోందో లేదో, దాని మీద ఒక్క ఇల్లైనా ఆధారపడి ఉందో లేదో ఆ మాట చెప్పదు. పైగా మా వైపు పంచాయతీ అంటే ఒకే ఊరు కాదు. పెద్ద ఊరికి దూరంగా చేల మధ్య రెండు మూడు మజరాలు, ఒక తాండా ఉండడం మామూలే. పెద్ద ఊరు లెక్కకెక్కితే అవి కూడా లెక్కకెక్కినట్టే అవుతోంది.

మీ చేతిలో ఉన్న రెండు శాఖల్లో ఒకటి పల్లెలకు ఇంటర్నెట్ ఇచ్చేది, మరొకటి ఆ ఇంటర్నెట్ ఉందని నమ్మి పనులు నడిపేది కాబట్టి ఈ లేఖను మీకే రాస్తున్నాను. ఉపాధి హామీ పనుల్లో కూలీల హాజరును పని జరిగే చోటనే, రోజుకు రెండుసార్లు తీసిన ఫొటోలతో యాప్‌లో వేయాలన్న నిబంధన 2023 జనవరి 1 నుంచి దేశమంతటా అమలులోకి వచ్చింది. సిగ్నల్ లేకపోతే ఫొటో తీసి పెట్టుకుని తర్వాత ఎక్కించే వీలు అందులో ఉన్న మాట నిజమే. ఎక్కించడానికి మాత్రం కూలీల హాజరు చూసే మేట్ ఎండలో ఊరి గట్టు మీదికో, నా అంగడికో రావలసిందే. ఆ ఫొటో ఎక్కకపోతే ఆ రోజు హాజరు పట్టీలో మస్టరు పడదు, మస్టరు పడకపోతే కూలి పడదు.

పత్తి విషయం ఇంకా సూటిగా ఉంటుంది. మా రైతులు పత్తిని ఆదోనికి తోలుతారు. మద్దతు ధరకు అమ్మాలంటే కపాస్ కిసాన్ యాప్‌లో పేరు నమోదు చేసుకుని, పత్తి తెచ్చే రోజుకు స్లాట్ తీసుకోవాలని 2025 నుంచి నియమం వచ్చింది. దళారుల బెడద తగ్గించే ఆలోచన కనుక దానిని నేను తప్పు పట్టను. కానీ స్లాట్ ముందు తీసుకున్నవారిది ముందు, సిగ్నల్ దొరికినవారు ముందు తీసుకుంటారు. స్లాట్లు వదిలే వేళకు నా అంగడి ముందు పదిమంది నిలబడతారు. ఒకరి చేతిలో ఆధార్, ఒకరి చేతిలో పట్టాదారు పాసుపుస్తకం, ఒకరి చేతిలో ఓటీపీ కోసం కొడుకు దగ్గర తీసుకొచ్చిన ఫోను. నా కంప్యూటరు తెరపై చక్రం తిరుగుతూ ఉంటుంది. తిరిగి తిరిగి పేజీ తెరుచుకునేసరికి ఆ వారానికి ఖాళీలు ఉండవు. అప్పుడు రైతు ముందున్న దారి ఊళ్లోకి వచ్చే వ్యాపారి చెప్పిన ధరకు ఇచ్చెయ్యడమే. ఇంటర్నెట్ లేకపోవడం వల్ల క్వింటాలుకు ఎంత పోతుందో మా వాళ్లకు వేరేగా వివరించనక్కరలేదు.

సుగ్గికి, అంటే కోతల కూలికి వలస పోయే కుటుంబాల సంగతి కూడా చెప్పాలి. మిరప కోతల కాలంలో మా పడమటి మండలాల నుంచి తల్లిదండ్రులు గుంటూరు వైపు పోతే, బడికి పోయే పిల్లలు అవ్వ దగ్గర ఉంటారు. వలస పోయినవాళ్లతో మాట్లాడడానికి సాయంత్రం అంగడి మెట్ల మీద ఫోను పట్టుకుని కూర్చునే అవ్వలను నేను లేవమనలేను. వాళ్లు వాడేది నేను నెలకు డబ్బు కట్టి తెప్పించుకున్న కనెక్షన్. దీనిని ఉదారత అనుకోకండి. నా వంటి చిన్న అంగడివాడు పబ్లిక్ వైఫై ఇవ్వగలడన్నదానికి ఇదే రుజువు.

సరిగ్గా ఇందుకోసమే 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం పీఎం-వాణి పథకాన్ని ఆమోదించింది. కిరాణా అంగడి అయినా, టీ బంకు అయినా లైసెన్సు లేకుండా, రుసుము కట్టకుండా పబ్లిక్ డేటా ఆఫీసుగా మారి, చిన్న మొత్తాలకు వైఫై అమ్ముకోవచ్చు. ఆలోచన చక్కనిది, అమలు చిక్కినది. 2018 నాటి జాతీయ డిజిటల్ కమ్యూనికేషన్ల విధానం 2022కల్లా కోటి హాట్‌స్పాట్లు పెట్టాలని చెప్పగా, 2025లో కూడా మనం లక్షల దగ్గరే ఉన్నాం. ఇంటికి ఇచ్చే కనెక్షన్‌ను పంచుకోవడానికి ఒప్పుకోక, పెద్ద సంస్థలకు ఇచ్చే ఖరీదైన లీజు లైను తీసుకోమని కంపెనీలు అడగడం ఇందుకు ఒక పెద్ద కారణం. 200 ఎంబీపీఎస్ వేగం వరకు ఉన్న ఇంటి ప్లాన్లను ఈ అంగళ్లకు రెట్టింపు ధరకు మించకుండా ఇవ్వాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2025 జూన్‌లో ఉత్తర్వు ఇచ్చింది. ఆ ఉత్తర్వు సంగతి కంపెనీల పట్టణ కార్యాలయాల్లోని వారికే తెలియకపోతే పల్లెలో అంగడివాడు ఎవరిని అడగాలి? దీనిని తెలుగులో అచ్చువేసి ప్రతి గ్రామ సచివాలయంలో అంటించే ఏర్పాటు చేయించండి. మరొక చిక్కు కూడా ఉంది. వైఫైలోకి మొదటిసారి చేరడానికి మొబైలుకు ఓటీపీ రావాలి, సిగ్నల్ లేని ఊరికి ఓటీపీ రాదు. వైఫై అన్నిటికన్నా అవసరమైన చోటనే వైఫై తలుపు తెరుచుకోదు. ఆధార్ చూసి అంగడివాడే కూపను ఇచ్చే పద్ధతిని ఇటువంటి ఊళ్లకైనా అనుమతించాలి.

తీగల మరమ్మతు గురించి రెండు మాటలు. మన రాష్ట్రంలో కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ లాగడం వల్ల పని త్వరగా, చవకగా జరిగింది. అయితే భూమిలో వేసిన తీగకు లేని కష్టాలు దీనికి ఉన్నాయి. పత్తి బోరేలు ఎత్తుగా నింపిన లారీ తగిలితే తెగుతుంది, స్తంభం మారిస్తే తెగుతుంది. అతికించే యంత్రం, మనిషి పట్టణం నుంచి రావాలి. 2023 ఆగస్టులో ఆమోదించిన సవరించిన భారత్‌నెట్‌కు 1,39,579 కోట్ల రూపాయలు కేటాయించి, ఒకవైపు తెగినా మరోవైపు నుంచి నడిచే రింగు పద్ధతిని, పదేళ్ల నిర్వహణను చేర్చడం వల్ల ఈ సంగతి ప్రభుత్వం గుర్తించిందనే అనుకుంటున్నాను. పంచాయతీలు కాని సుమారు 3.8 లక్షల గ్రామాలకు అడిగితే కనెక్షన్ ఇస్తామని కూడా అందులో ఉంది. ఎవరిని అడగాలో, ఎన్నాళ్లలో ఇస్తారో మా తాండా వాళ్లకు చెప్పే కాగితం ఏదీ మా దాకా రాలేదు. చేల మీదుగా తీగ లాగడం దండగనిపించే చోట, 2018లోనే లైసెన్సు నుంచి మినహాయించిన 5 గిగాహెర్ట్జ్ బ్యాండులో ఓవర్‌హెడ్ ట్యాంకు మీద రేడియో పెట్టి తాండాకు పంపవచ్చు. మా నేల చదునైనది, ట్యాంకు మీద నుంచి తాండా కంటికి కనిపిస్తూనే ఉంటుంది.

కాబట్టి ఆస్పరి, హొళగుంద, చిప్పగిరి, దేవనకొండ మండలాల్లోని ప్రతి పంచాయతీలో గత నెల ఫైబర్ ఎన్ని గంటలు పనిచేసిందో, దాని మీద ఎన్ని ఇళ్లు, ఎన్ని అంగళ్లు, ఎన్ని మజరాలు ఉన్నాయో సచివాలయం బోర్డు మీద ప్రతి నెలా రాయించవలసిందిగా కోరుతున్నాను. సున్నా ఉంటే సున్నా అనే రాయించండి. అక్టోబరులో పత్తి కొనుగోళ్లు మొదలయ్యేలోపు మొదటి బోర్డు పడితే, స్లాట్ల కోసం ఏ ఊరి రైతును ఏ ఊరికి పంపాలో కనీసం మాకు తెలుస్తుంది.

ఇట్లు
ఒక ఆన్‌లైన్ సేవల అంగడి నిర్వాహకుడు
ఆస్పరి మండలం, కర్నూలు జిల్లా