స్టైపెండుకు పదో తేదీ గడువు ప్రభుత్వానికీ వర్తించాలి: కేంద్ర నైపుణ్యాభివృద్ధి శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారాలు. నేను ఐటీఐలో ఫిట్టర్ ట్రేడు బోధిస్తున్నాను. మా దగ్గర చదువు ముగించి ఒక కర్మాగారంలో అప్రెంటిస్‌గా చేరిన పిల్లవాడు మొన్న నన్ను చూడటానికి వచ్చాడు. పనికి వెళ్లడం మానేశానన్నాడు. వాడి చేతి పని నాకు తెలుసు. ఇనుప ముక్కను వైస్‌లో బిగించి ఆకురాయి పట్టేవాడు. లంబకోణం సరిచూసే ట్రై స్క్వేర్ ఆనించి కిటికీ వైపు తిప్పి చూసుకునేవాడు. సందులోంచి వెలుతురు సన్నని గీతలా కనబడినా మళ్లీ మొదలుపెట్టేవాడు. ఆ చేయి కుదరడానికి రెండేళ్లు పట్టింది.

మానేయడానికి కారణం గది అద్దె. స్టైపెండులో ప్రభుత్వ వాటా నెలకు 1,500 రూపాయల చొప్పున అయిదు నెలలుగా వాడి ఖాతాలో పడలేదు. 2019 నిబంధనల ప్రకారం ఐటీఐ సర్టిఫికెట్ ఉన్న అప్రెంటిస్‌కు కనీస స్టైపెండు నెలకు 7,000. అందులో అయిదో వంతుకు పైగా రాకపోతే ఊరు కాని ఊళ్లో ఎలా నెట్టుకురావాలి? అడిగిన చోటల్లా అప్రెంటిస్‌షిప్ పోర్టల్ చూసుకోమన్నారట. ఒకరు మాత్రం ఖాతాకు ఆధార్ అనుసంధానం సరిగా లేదేమోనన్నారు, అదీ నాలుగో నెలలో.

2016లో ఈ వాటా ఇచ్చే జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం మొదలైనప్పుడు కంపెనీ స్టైపెండు మొత్తం చెల్లించి, ప్రభుత్వ వాటాను తర్వాత రాబట్టుకునేది. 2023 నుంచి ఆ వాటాను నేరుగా అప్రెంటిస్ ఖాతాకే పంపుతున్నారు. మంచి ఉద్దేశమే, నేనూ సంతోషించాను. అయితే ఒకప్పుడు ఆలస్యం భారాన్ని కంపెనీ మోసేది. ఇప్పుడది పద్దెనిమిదేళ్ల పిల్లల నెత్తిన పడింది. పైగా 2016లో ప్రభుత్వ వాటాకు పెట్టిన 1,500 పరిమితినే 2023లో పథకం రెండో దశకూ ఉంచారు.

యజమాని మాత్రం స్టైపెండును తర్వాతి నెల 10వ తేదీలోగా చెల్లించి తీరాలని అప్రెంటిస్‌షిప్ నిబంధనలు చెబుతున్నాయి. ఆ గడువును ప్రభుత్వ వాటాకూ వర్తింపజేయండి. ఖాతాలో లోపముంటే ఆ నెలలోనే పిల్లలకు తెలియజేయండి. ప్రతి జిల్లాలో జవాబు చెప్పే బాధ్యతను ఒక అధికారికి అప్పగించండి. 1,500 పరిమితిని పెంచండి.

మా వాడి ఒప్పందంలో ఇంకా అయిదు నెలలున్నాయి. కంపెనీ దాన్ని రద్దు చేయలేదు. బకాయి 7,500 రూపాయలు చేతికొస్తే మళ్లీ వెళతానన్నాడు.

ఇట్లు,
ఒక ఐటీఐ ఫిట్టర్ బోధకుడు