డేటన్ గ్రంథాలయంలో కలిసిన ఆ పెద్దావిడకు

ఒహాయో రాష్ట్రంలోని డేటన్ నగర గ్రంథాలయంలో నా కోసం రెండు గంటలు వెచ్చించి, పేరైనా చెప్పకుండా వెళ్లిపోయిన పెద్దావిడకు ఈ నాలుగు మాటలతో కృతజ్ఞతలు తెలుపుకుంటున్నాను.

మా అమ్మాయి బడిలో ప్రసంగించడం కోసం, 2002లో అదే ఊళ్లో కన్నుమూసిన చారిటీ ఆడమ్స్ ఎర్లీ గురించి వెతుకుతూ అక్కడికి వెళ్లాను. దక్షిణ కెరొలైనాలో లెక్కలు, సైన్సు బోధించిన ఆమె రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1942లో అమెరికా సైన్యంలో చేరి, 1945లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో 6888వ తపాలా దళానికి నాయకత్వం వహించారనీ, 800 మందికి పైగా ఉన్న ఆ నల్లజాతి మహిళల దళం సైనికులకు చేరకుండా పేరుకుపోయి, ఆరు నెలలు పడుతుందనుకున్న ఉత్తరాల గుట్టలను మూడు నెలల్లోనే బట్వాడాకు సిద్ధం చేసిందనీ మాత్రమే నాకు అప్పటికి తెలుసు.

గ్రంథాలయంలోని ఆ పెద్దావిడ బల్ల మీద తెల్ల చీటీలు పరిచి, అన్నింటి మీదా పెన్సిలుతో ‘రాబర్ట్ స్మిత్’ అని రాసి, “వీళ్లలో మీ అబ్బాయి ఎవరో చెప్పండి” అని అడిగారు. నేను చెప్పలేకపోయాను. అప్పుడు ఒక్కో చీటీ మూలన, సైన్యం ఒక్కో సైనికుడికి విడిగా ఇచ్చే సీరియల్ నంబరు లాంటిది ఒక్కోటి వేశారు. ఆ పేరుతోనే 7,500 మంది సైనికులు ఉండేవారట, ఎవరి ఉత్తరం ఎవరిదో ఆ దళం ఈ నంబర్లతోనే తేల్చేదట!

లండన్‌లో నల్లజాతి మహిళలకు విడిగా చూపిన రెడ్‌క్రాస్ వసతిగృహంలో అడుగుపెట్టవద్దని ఎర్లీ తన దళాన్ని ఒప్పించిన సంగతి చెబుతున్నప్పుడు ఆవిడ గొంతు వణికింది. ఆ వణుకును నేను మరచిపోలేను.

అమ్మా, ఆ చీటీలు మా అమ్మాయి నోటుపుస్తకంలో భద్రంగా ఉన్నాయి.