మా పాపకి ప్లేట్‌లెట్స్ అందేలా చూసిన వాలంటీర్లందరికీ థ్యాంక్స్

అందరికీ నమస్కారం. సంక్రాంతి సెలవుల్లో బెంగళూరు ఆస్పత్రిలో ఉన్న మా అక్క కూతురికి ప్లేట్‌లెట్స్ (రక్తం గడ్డకట్టడానికి పనికొచ్చే కణాలు) కావాలని, రక్తదాతల్ని వెతికిపెట్టే మీ పేజీలో పోస్ట్ పెట్టారు కదా, పాప డిశ్చార్జ్ అయింది, అక్కా బావా కదిరికి తీసుకెళ్ళారు. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెప్పడం కుదర్లేదు, అందుకే ఇక్కడ రాస్తున్నా.

పాపకి బ్లడ్ క్యాన్సర్, కీమో ఎక్కించినప్పుడల్లా ప్లేట్‌లెట్స్ కౌంట్ పడిపోతుంది. పండక్కి బెంగళూరులో మనోళ్ళెవరుంటారు చెప్పండి, మారతహళ్ళి పీజీలన్నీ ఖాళీ, మడివాళలో బస్సెక్కినోళ్ళు ఎక్కినట్టే. రక్తమైతే ఫ్రిజ్‌లో నెల పైనే ఉంటుంది గానీ ప్లేట్‌లెట్స్ 5 రోజులే, ముందే దాచిపెట్టుకోవడానికి లేదు. మేం ఆ టెన్షన్‌లో ఉంటే ఎవడో ఫోన్ చేసి డోనర్‌ని పంపిస్తా, ముందు 5,000 కొట్టండి అన్నాడు. డబ్బుకి రక్తం అమ్మడం మన దేశంలో 1998 నుంచే నిషేధం, అయినా ఆస్పత్రుల చుట్టూ ఇలాంటోళ్ళు తిరుగుతూనే ఉన్నారు, జాగ్రత్తండీ.

మీ వాలంటీర్ చెల్లెమ్మ మాత్రం పోస్ట్ పెట్టేముందు డాక్టర్ రాసిచ్చిన ఫారం ఫొటో అడిగి, బ్లడ్ బ్యాంక్‌కి తనే ఫోన్ చేసి కనుక్కుంది. పాప ఫొటో వద్దంది, పేరు కూడా వద్దంది. ఏ గ్రూపు, ఏ బ్లడ్ బ్యాంక్, ఎన్నింటిలోగా రావాలి, ఎవరికి ఫోన్ చెయ్యాలి, అంతే, తెలుగులో కన్నడలో రెండిట్లో. డోనర్లు దొరగ్గానే అదే పోస్ట్ మీద ఎర్రక్షరాలతో 'సరిపోయింది' అని వేసేశారు. ఇది మామూలు విషయం కాదు. వాట్సాప్‌లో ఎప్పటెప్పటి రిక్వెస్టులో తిరుగుతుంటాయి, పేషెంట్ చనిపోయాక కూడా ఆ ఇంటికి ఫోన్లు వస్తుంటాయి, పాపం వాళ్ళ బాధ ఎవరికి తెలుస్తుంది.

ఇంకో మాట కచ్చితంగా చెప్పాలి. యలహంక నుంచి వచ్చిన తమ్ముడు నైట్ షిఫ్ట్ చేసి నేరుగా వచ్చాడు, దార్లో ఇడ్లీ తినేసి మరీ వచ్చాడు ఎందుకంటే ఖాళీ కడుపుతో ఇవ్వకూడదని మీ రీల్‌లో చూశాడంట. ప్లేట్‌లెట్స్ తీసే మెషిన్ మీద ఉండగా మూతి చుట్టూ చిమచిమలాడుతోంది అన్నాడు, మా అక్క భయపడిపోయింది, అతనే నవ్వుతా "ఏం కాదక్కా, గడ్డకట్టకుండా కలిపే మందు వల్ల అట్లా ఉంటుంది, వీడియోలో చెప్పారు" అన్నాడు. సిస్టర్ కాల్షియం మాత్ర ఇచ్చింది, తగ్గిపోయింది. మెషిన్ ప్లేట్‌లెట్స్ మాత్రం తీసుకుని మిగతా రక్తం మళ్ళీ ఒంట్లోకే ఎక్కిస్తుందని, 48 గంటల తర్వాత మళ్ళీ ఇవ్వొచ్చని, ఏడాదికి 24 సార్లు దాటకూడదని, ఆస్పిరిన్ వేసుకుంటే 3 రోజులు ఆగాలని అన్నీ అతనే మాకు చెప్పాడు. ఆ రోజు పోస్ట్ చూసి వచ్చాడు నిజమే, కానీ అతన్ని మీరు ఎప్పటినుంచో రెడీ చేసి పెట్టారు. ఫేస్‌బుక్ వాళ్ళు 2017లో మన దేశంలో రక్తదాతలు పేరు నమోదు చేసుకునే ఆప్షన్ తెచ్చారు, మంచిదే, కానీ పేరిచ్చినోడికి సూదంటే భయం పోవాలి కదా, అది పోయేలా మన భాషలో కూర్చోబెట్టి చెప్పేది మీలాంటి వాళ్ళే.

నాది ఓ పాజిటివ్, బరువు, కౌంట్ అన్నీ చూపించుకున్నా, సరిపోతాయన్నారు, మీ లిస్టులో నా పేరు ఎక్కించండి. వైట్‌ఫీల్డ్, కేఆర్ పురం వైపు ఎవరికి కావాలన్నా ఆఫీస్ మానేసైనా వస్తా. అక్క మీకు చెనక్కాయ ఉంటలు చేసి పంపిస్తానంటోంది, ఎక్కడికి పంపాలో మెసేజ్ పెట్టండి.