ధర రాయని బోర్డు

సంపాదకులకు నమస్కారం.

ఆదివారం మీ పత్రికతో వచ్చే స్థిరాస్తి పేజీని ఎనిమిది నెలలుగా ఒక్క వారం కూడా వదలకుండా చదువుతున్నాను. ఇల్లు కొనే స్తోమత ఉండి కాదు. మా ఊళ్లో అమ్మకానికి పెట్టిన ఒక ఇంటి మీద మనసు పడి, దాన్ని ఎలాగైనా కొనుక్కునే దారి ఎక్కడైనా కనబడుతుందేమోనని చదివాను. ఇళ్ల ప్రకటనల్లో ధర రాయకపోవడం వల్ల, రాసినచోట కూడా కొనేవాడి చేతి నుంచి వెళ్లే మొత్తం ఎంతో చెప్పకపోవడం వల్ల, మాలాంటి కుటుంబాలు ఎంత దూరం వెళ్లిపోతాయో నా అనుభవంతో చెప్పి, మీ పత్రికను ఒక విషయం అడగాలన్న ఉద్దేశంతో ఈ ఉత్తరం రాస్తున్నాను.

మాది రాజమహేంద్రవరం. నేను ఒక ప్రైవేటు ఉన్నత పాఠశాలలో తెలుగు ఉపాధ్యాయురాలిని. ఆయన మందుల టోకు దుకాణంలో లెక్కలు చూస్తారు. పెళ్లయిన పదహారేళ్లలో ఆరు అద్దె ఇళ్లు మారాం. గోడకు మేకు కొట్టాలన్నా అడగాలి, మా అమ్మ వచ్చి పది రోజులు ఉంటానన్నా నీళ్ల మోటారు ఎన్నిసార్లు వేస్తామో చెప్పుకోవాలి. ఇది ఏ ఒక్క యజమాని మీదా ఫిర్యాదు కాదు, అద్దె బతుకులో అందరికీ ఉండేదే. అయితే అలా పదహారేళ్లు గడిపిన మనిషికి ఒక మంచి ఇల్లు ఖాళీగా కనబడితే ఏమవుతుందో అర్థం కావడానికి చెబుతున్నాను.

నేను బడికి వెళ్లే దారిలో, గోదావరి గట్టుకు రెండు వీధుల వెనుక, 110 గజాల స్థలంలో కట్టిన పాత డాబా అది. వీధి అరుగు, ఎర్ర గచ్చు, పెరట్లో గిలక బావి, ప్రహరీ మీదుగా వీధిలోకి వంగిన పారిజాతం. కార్తీక మాసంలో ఒక ఉదయం దాని గేటుకు "ఈ ఇల్లు అమ్మబడును" అన్న రేకు బోర్డు, కింద ఒక ఫోను నంబరు కనబడ్డాయి. ధర లేదు. ధర ఉండి ఉంటే నేను ఆ రోజే తల తిప్పుకొని వెళ్లిపోయేదాన్నని ఇప్పుడు నిశ్చయంగా చెప్పగలను. లేదు గనుక, మనకూ అందుతుందేమోనన్న ఆశకు చోటు దొరికింది. ఫోను చేస్తే ఎత్తిన మధ్యవర్తి కూడా "ముందు ఇల్లు చూడండమ్మా, ధర తర్వాత మాట్లాడుకుందాం" అన్నారు. చూశాను. ధర తెలిసేసరికి మూడు వారాలు గడిచాయి, ఆ మూడు వారాల్లో నా మనసు ఆ ఇంట్లో కాపురం పెట్టేసింది.

ఆ కాపురం ఎలాంటిదో కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇళ్ల ధరల గురించి రాసేవారు చాలామంది ఉన్నా దీని గురించి రాసినవారు నాకు కనబడలేదు. బడికి దగ్గరి దారి వేరే ఉన్నా ఆ వీధిలోంచే వెళ్లేదాన్ని. గేటుకు తాళం ఉంటే ఊరట, ఎవరైనా లోపల మనుషులు కనబడితే గుండె దడ. పిల్లల జవాబు పత్రాలు దిద్దవలసిన రాత్రుళ్లు నోటుపుస్తకం వెనక పేజీలో ఆ ఇంటి గదులు గీసి, అమ్మ ఇచ్చిన బీరువా ఏ గోడకు ఆనుతుందో, తులసికోట బావికి ఎంత దూరంలో ఉండాలో రాసుకునేదాన్ని. మేము ఉంటున్న ఇంట్లో వంటగది తలుపు విరిగి రెండు నెలలైనా బాగు చేయించలేదు, ఎలాగూ వెళ్లిపోతాం కదా అన్న ధీమా. మా చిన్నమ్మాయి ఒకరోజు ఆ వీధిలో తన స్నేహితురాలికి "అది మా ఇల్లు, ఇంకా తాళం రాలేదు" అని చెప్పడం విన్నాను. దాన్ని మందలించే అర్హత నాకు లేకపోయింది.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న సామెతను ఏటా తరగతిలో చెబుతాను. పని మొదలుపెట్టినవాడి కష్టం గురించి మన పెద్దలు ఆ మాట అన్నారు. మొదలుపెట్టే శక్తి లేకుండానే ఒక ఇంటి ముందు ఆగిపోయినవాడి సంగతి అందులో లేదు.

చివరికి తెలిసిన ధర 68 లక్షలు. అప్పుడైనా వెనక్కి రావలసింది. రాలేదు, ఎందుకంటే బ్యాంకు 80 శాతం అప్పు ఇస్తుందని ప్రతి ప్రకటనలోనూ చదివి ఉన్నాను. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం గృహరుణం 30 లక్షల లోపు అయితే ఇంటి విలువలో 90 శాతం వరకు, 30 నుంచి 75 లక్షల మధ్య అయితే 80 శాతం వరకు, అంతకు మించితే 75 శాతం వరకు ఇవ్వవచ్చు. నిజమే. కానీ అది ఇంటికి ఉన్న పరిమితి. మనిషి ఆదాయానికి ఉన్న పరిమితి వేరు, రెండింటిలో ఏది తక్కువైతే అంతే చేతికి వస్తుంది. ఈ రెండో మాట నాకు ఏ ప్రకటనా చెప్పలేదు, బ్యాంకులో కూర్చున్న తర్వాతే తెలిసింది. మా ఇద్దరి జీతాలు కలిపి నెలకు 64 వేలు. అందులో సగం, అంటే 32 వేలు వాయిదాగా కట్టగలమని బ్యాంకు లెక్క వేసింది. వడ్డీ 8.5 శాతం, గడువు 20 ఏళ్లు అనుకుంటే లక్ష అప్పుకు నెల వాయిదా సుమారు 868 రూపాయలు. ఆ లెక్కన మాకు వచ్చేది సుమారు 36 లక్షల 80 వేలు. నేను 54 లక్షలు వస్తుందని ఊహించుకుంటూ ఉన్నాను.

రిజిస్ట్రేషన్ ఖర్చు అప్పులో కలవదు. మన రాష్ట్రంలో స్టాంపు డ్యూటీ 5 శాతం, బదిలీ సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషన్ రుసుము 1 శాతం, మొత్తం 7.5 శాతం. 68 లక్షల మీద అది 5 లక్షల 10 వేలు. అంటే ఇల్లు మాదయ్యేసరికి 73 లక్షల 10 వేలు కావాలి, బ్యాంకు ఇచ్చేది పోగా మేము తేవలసింది 36 లక్షల 30 వేలు. లాయరు అభిప్రాయానికి, విలువ కట్టే ఇంజినీరుకు, మధ్యవర్తికి ఇచ్చేవి ఇందులో కలపలేదు. మా ఆయన పీఎఫ్, పోస్టాఫీసు ఆర్డీ, పాడుకోని చిట్టి అన్నీ కలిపితే మా దగ్గర ఉన్నవి 15 లక్షలు. మిగిలిన 21 లక్షల 30 వేలు నెలకు 15 వేలు చొప్పున కూడబెట్టాలంటే దాదాపు పన్నెండేళ్లు పడుతుంది. ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ పథకం రెండో దశలో వడ్డీ రాయితీ ఉందని విని అదీ కనుక్కున్నాను. ఏటా 9 లక్షల లోపు ఆదాయం గనుక మేము అర్హులమే, ఇల్లు మాత్రం కాదు, ఎందుకంటే 35 లక్షల విలువ దాటిన ఇంటికి ఆ రాయితీ వర్తించదు.

ఈ లెక్క వేయడానికి నాకు పట్టింది ఒక సాయంత్రం. అందుకు కావలసిన ముక్కలు పోగు చేసుకోవడానికి పట్టింది ఐదు నెలలు. నేను తెలివితక్కువదాన్నని ఎవరైనా అంటే ఒప్పుకోను. ఆ ఐదు నెలలూ నేను అడగవలసినవి అడగలేదు, ఎందుకంటే జవాబు వస్తే ఇల్లు పోతుందని లోలోపల తెలుసు. మనసు పడ్డవాళ్లు అందరూ ఇలాగే ఉంటారని నా నమ్మకం. వాళ్లు అడగరు గనుక, అడగకముందే చెప్పే ఏర్పాటు ఉండాలన్నది నా వాదన.

లెక్క తెలిసిన తర్వాత కూడా విషయం అక్కడితో ఆగలేదు. మధ్యవర్తి ఒక బుధవారం ఫోను చేసి, ఇంకో పార్టీ వచ్చిందని, శుక్రవారం లోపల రెండు లక్షలు బయానా ఇస్తే మా పేరున ఆపుతానని, మిగతాది మూడు నెలల్లో సర్దుకోవచ్చని, 2027 పుష్కరాలు దగ్గర పడితే ఈ ధరకు ఈ ఊళ్లో గుమ్మం కూడా రాదని చెప్పారు. 20 లక్షలు దస్తావేజులో చూపకుండా నగదుగా ఇవ్వాలని కూడా ఆ ఫోనులోనే మొదటిసారి అన్నారు. స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, అంతకు మించిన సొమ్మును నగదుగా తీసుకోకూడదని ఆదాయపు పన్ను చట్టంలో 2015 నుంచి ఉంది, తీసుకున్నవారికి తీసుకున్నంత జరిమానా పడుతుంది. దస్తావేజులో తక్కువ రాయించుకున్న కొనుగోలుదారు రేపు అదే ఇల్లు అమ్మితే, తాను నిజంగా పెట్టిన సొమ్మును కూడా లాభంగా చూపించి పన్ను కట్టవలసి వస్తుంది. అప్పుడు నాకు ఇవేవీ తెలియవు. తెలిసినా వినే స్థితిలో లేను. గురువారం ఉదయం నా గాజులు, అమ్మ గొలుసు చేతిరుమాలులో కట్టుకొని తాకట్టుకు బయలుదేరాను.

దారిలో మా బావగారి ఇంట్లో ఆగాను. ఆయన దస్తావేజు లేఖరి. విషయం విని కోప్పడలేదు. "ఈసీ తీయించావా అమ్మా? లింకు డాక్యుమెంట్లు ఎవరి పేరున ఉన్నాయి?" అని మాత్రం అడిగారు. ఈసీ అంటే ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్టరైన లావాదేవీలు చూపే ధ్రువపత్రం, లింకు డాక్యుమెంట్లంటే ఆ ఇల్లు ఇంతకుముందు చేతులు మారిన పాత దస్తావేజులు. ఆరు నెలలుగా ఆ ఇంటి గచ్చు రంగు, బావి లోతు, పారిజాతం వయసు తెలుసుకున్న నేను ఒక్క కాగితం కూడా అడిగి చూడలేదు. ఆయన ఆ రోజే వివరాలు తీయించారు. ఇల్లు అమ్మేవారి తండ్రి స్వార్జితం. ఆ తండ్రి వీలునామా రాయకుండా పోయారు. అమ్ముతున్నది ఇద్దరు కొడుకులు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం అలాంటి ఆస్తిలో కూతుళ్లకూ సమాన వాటా ఉంటుంది. ఆ ఇంటి ఆడపిల్లలు ఇద్దరి సంతకాలూ లేవు, అసలు వారిని ఎవరూ అడగనే లేదని తర్వాత తెలిసింది. మేము రెండు లక్షలు ఇచ్చి ఉంటే మూడు నెలల్లో రిజిస్ట్రేషన్ జరిగేది కాదు, ఆ సొమ్ము వెనక్కి తెచ్చుకోవడానికి కోర్టు మెట్లు ఎక్కవలసి వచ్చేది. ఈసీలో కనబడేది కూడా రిజిస్టరైన లావాదేవీలే. పత్రాలు బ్యాంకులో పెట్టి చేసిన అప్పు కొన్నిసార్లు అందులో కనబడదని, అందుకోసం సెర్సాయ్ అనే కేంద్ర రిజిస్ట్రీలో రుసుము కట్టి విడిగా వెతకాలని బావగారు చెప్పారు.

బిల్డరు దగ్గర కొత్త ఫ్లాటు కొనేవారికి కొంత రక్షణ ఉంది. స్థిరాస్తి వ్యాపారాన్ని నియంత్రించే 2016 నాటి రెరా చట్టం కింద, రిజిస్టరైన అమ్మకపు ఒప్పందం లేకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. పాత ఇల్లు సొంతదారు నుంచి కొనేవారికి ఆ చట్టం నీడ లేదు. తెల్లకాగితం మీద బయానా ఇచ్చినా, స్టాంపు కాగితం మీద ఒప్పందం రాసుకున్నా, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం ఆ ఒప్పందం ఒక్కటే ఇంటి మీద హక్కు ఇవ్వదు. జాగ్రత్త మొత్తం కొనేవాడి మీదే ఉంది, కొనేవాడేమో జాగ్రత్తపడే మనఃస్థితిలో లేని మనిషి.

అందుకే మీ పత్రికను రెండు మాటలు అడుగుతున్నాను. ఇల్లు, స్థలం అమ్మకానికి వేసే వర్గీకృత ప్రకటనల్లో ధర రాయడం తప్పనిసరి చేయండి. బేరం ఉంటే ఉండనివ్వండి, అడిగే ధర అయినా అచ్చులో ఉండాలి. మధ్యవర్తులు కొందరు ప్రకటనలు మానుకుంటారేమో, మీకు ఆ మేరకు రాబడి తగ్గుతుందేమో, ఆ సంగతి తెలిసే అడుగుతున్నాను. పెళ్లి సంబంధాల ప్రకటనలో వయసు రాయకుండా వేయరు కదా.

రెండోది, స్థిరాస్తి పేజీలో భవంతుల రంగు బొమ్మల పక్కన వారానికి ఒక మామూలు ఇంటి లెక్క వేయండి. కాకినాడలో ఒక వారం, హనుమకొండలో ఒక వారం, కర్నూలులో ఒక వారం. ధర ఎంత, రిజిస్ట్రేషన్ ఎంత, 60 వేల ఆదాయానికి బ్యాంకు ఎంత ఇస్తుంది, చేతిలో ఎంత ఉండాలి, 20 ఏళ్లలో కట్టేది మొత్తం ఎంత. మా లెక్కలో 36 లక్షల 80 వేల అప్పుకు 20 ఏళ్లలో కట్టేది దాదాపు 77 లక్షలు అయింది. ఆ అంకె మొదటి వారంలోనే చూసి ఉంటే నేను ఆ గేటు ముందు ఆగేదాన్ని కాదని అనను. ఆగినా, లోపలికి వెళ్లి బీరువాకు చోటు చూసుకునేదాన్ని కాదు.

ఆ ఇంటి బోర్డు ఇంకా ఉంది. మేము వంటగది తలుపు బాగు చేయించుకున్నాం, 40 లక్షల లోపు ఇళ్ల కోసం ఊరి చివర వెతకడం మొదలుపెట్టాం. ఆ ఇంటి మీద మమకారం పోయిందని మాత్రం మీకు అబద్ధం రాయలేను. మీరు ఆ లెక్కల శీర్షిక మొదలుపెడితే మొదటి వారానికి నా నోటుపుస్తకంలోని పేజీలు పంపుతాను. అంకెలన్నీ శుభ్రంగా తిరిగి రాసి ఉంచాను.

భవదీయురాలు,
ఒక తెలుగు ఉపాధ్యాయురాలు,
రాజమహేంద్రవరం