సముద్రం మీది మంటకు లెక్కేది?

సంపాదకులకు,

లోతు సముద్రంలో చమురు, గ్యాస్ వెతకడానికి జాతీయ మిషన్ చేపడతామని 2025 ఆగస్టు 15న ప్రధాని ప్రకటించారు. 2070 నాటికి నెట్ జీరో, అంటే గాల్లోకి వదిలినంత మేరా తొలగించే స్థితి, సాధిస్తామని 2021లో గ్లాస్గోలో మాటిచ్చిందీ ఆయనే. ఈ రెండూ ఎలా పొసగుతాయంటే, దిగుమతుల బరువు తగ్గుతుంది, బొగ్గు కంటే గ్యాస్ నయం అంటారు. తప్పు కాదు. కాకపోతే అది గ్యాసంతా బర్నర్ దాకా చేరినప్పటి మాట. ఆ గ్యాస్‌లో ప్రధానంగా ఉండే మీథేన్ దారిలో కారిపోతే, 20 ఏళ్ల లెక్కన, కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 80 రెట్లు వేడి పుట్టిస్తుంది.

2022లో మనం ఇచ్చిన హామీ జీడీపీ యూనిట్‌కు వెలువడే ఉద్గారాలను 2030కల్లా 2005 స్థాయి నుంచి 45 శాతం తగ్గిస్తామని. జీడీపీ పెరిగే కొద్దీ ఆ భాగహారంలో ఇలాంటి లీకులు కలిసిపోతాయి. మీథేన్‌ను 30 శాతం తగ్గిద్దామన్న అంతర్జాతీయ ప్రతిజ్ఞలో భారత్ చేరలేదు. వరి, పశువుల లెక్క రైతు నెత్తిన పడుతుందన్న జంకు అర్థం చేసుకోదగ్గదే. కానీ గేదెకిచ్చే మినహాయింపు సముద్రపు ప్లాట్‌ఫామ్ మీద మిగులు గ్యాస్‌ను తగలబెట్టే ఫ్లేర్‌కు దేనికి?

ఫ్లేర్ లెక్కే చూడండి. 100 టన్నుల మీథేన్ పంపితే 98 కాలిపోతాయని కాగితం మీద వేసుకుంటారు. అమెరికాలో మూడు చమురు ప్రాంతాల మీద విమానం నుంచి కొలిచి 2022లో ప్రచురించిన అధ్యయనంలో తేలింది సుమారు 91 శాతమే. కాలిన 91 టన్నుల వల్ల దాదాపు 250 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. కాలకుండా పోయిన 9 టన్నులు, 80 చొప్పున, 720 టన్నులకు సమానం. కంటికి కనిపించే మంట కన్నా కనిపించనిదే దాదాపు మూడింతలన్నమాట. అది నేల మీద కొలత. సముద్రపు గాలి మంటను పక్కకు వంచితే కొంత గ్యాస్ అంటుకోకుండానే జారిపోతుంది. ఫ్లేర్‌ను అంటించే చిన్న మంట, అంటే పైలట్, ఆరిపోతే మొత్తం పోతుంది. పైలట్ దగ్గర వేడిని కొలిచే థర్మోకపుల్, ఫ్లేర్ లైన్లో గ్యాస్ ప్రవాహాన్ని కొలిచే అల్ట్రాసోనిక్ మీటర్, ఈ రెండింటి రీడింగులు పక్కపక్కన పెడితే ఎన్ని గంటలు ఎంత గ్యాస్ ఊరికే పోయిందో దొరికిపోతుంది.

గ్యాస్‌ను ఒత్తిడితో నెట్టే కంప్రెసర్లలో, గ్యాస్ బయటికి రాకుండా నూనెతో ఆపే ఆయిల్ సీల్ ఉంటే, ఆ నూనెలో కరిగిన గ్యాస్‌ను ట్యాంకులో విడదీసి గాల్లోకి వదిలేస్తారు. నూనె అక్కర్లేని డ్రై గ్యాస్ సీల్ వేస్తే ఆ నష్టం చాలావరకు తగ్గుతుంది. గ్యాస్ ఒత్తిడితో నడిచే కంట్రోల్ వాల్వులను ఇన్‌స్ట్రుమెంట్ ఎయిర్‌కు, అంటే ఒత్తిడి పెట్టిన మామూలు గాలికి, మార్చడం ఇంకా తేలిక.

ఉపగ్రహాలు పట్టుకుంటాయిలే అనుకోవద్దు. మీథేన్‌ను గుర్తించే పరారుణ కాంతిలో సముద్రం నల్లగా ఉంటుంది. ఎండ నీటి మీద తళుక్కున మెరిసే కోణంలో తప్ప సరిగా కనపడదు. అందుకే ‘ఉద్గారాలు నివేదించాలి’ అని రూల్లో ఒక వాక్యం రాస్తే సరిపోదు. ఏ మీటరు, ఎన్నాళ్లకోసారి కాలిబ్రేషన్, రీడింగు ఎవరు చూస్తారు అన్నవి టెండరు పత్రంలోనే ఉండాలి.

ఇక పాత బావులు. కొత్త లోతు బావుల కన్నా అరేబియా సముద్రంలోని పాత చమురు క్షేత్రం ముంబై హైలాంటి తక్కువ లోతు చోట్ల బావులను సరిగా మూయడం వాతావరణానికి ముఖ్యం. 80 మీటర్ల లోతు నుంచి లేచిన బుడగల్లోని మీథేన్ కొంతైనా గాలిని చేరుతుంది. వేయి మీటర్ల అడుగు నుంచైతే చాలావరకు నీటిలోనే కరిగిపోతుంది. మూయడమంటే బావి లోపలి గొట్టం, ట్యూబింగ్‌లో సిమెంటు పోసి రావడం కాదు. బావి గోడకు ఆనించి వేసే ఉక్కు గొట్టం, కేసింగ్ వెనక పాత సిమెంటు పగిలి ఉంటే గ్యాస్ ఆ సందులోంచే పైకి పాకుతుంది. ముందు సిమెంటు పట్టు ఎలా ఉందో కొలిచే బాండ్ లాగ్ తీసి చూడాలి. పట్టు లేనిచోట కేసింగ్ కోసి మళ్లీ పోయాలి. రిగ్ అద్దె రోజుల లెక్కన పడుతుంది కాబట్టి, ఎగ్గొట్టేది సాధారణంగా ఈ పనే.

ఆ ఖర్చుకే కంపెనీలు ముందుగా డబ్బు జమచేసే సైట్ రెస్టోరేషన్ ఫండ్ పథకం 1999 నుంచి ఉంది, జమకు ఆదాయపు పన్ను మినహాయింపూ ఉంది. చిక్కంతా జమను ఉత్పత్తితో ముడిపెట్టినప్పుడు వస్తుంది. కృష్ణా-గోదావరి తీరం ఆవల సముద్రంలోని కేజీ-డీ6 బ్లాకులో డీ1-డీ3 గ్యాస్ క్షేత్రం 2009 ఏప్రిల్‌లో మొదలై, నీరు, ఇసుక చేరి బావులు మూతపడుతూ 2020 ఫిబ్రవరిలో పూర్తిగా ఆగింది. నిల్వల అంచనా మొదట అనుకున్నదాంట్లో మూడో వంతుకు కుదించాల్సి వచ్చింది. అక్కడ నిధి చాలలేదని మా మాట కాదు. అంచనా అంతగా తప్పితే, టన్నుకింత అని వేసే జమ కూడా మూడో వంతు దగ్గరే ఆగుతుంది. అందుకని మూసివేత ఖర్చు మొత్తానికీ బ్యాంకు గ్యారంటీ, లీజు చేతులు మారినా మొదటి లీజుదారు బాధ్యత పోదన్న షరతు, ఈ రెండూ బ్లాకు ఇచ్చే రోజునే రాయించుకోవాలి.

– పెట్రోలియం ఇంజినీర్లు కొందరు